పత్తిగింజలో బిగుల్

చలికాలంలో మా బార్కస్‌కు తెల్లవారడం జామకాయల వాసనతోనే. ఫజర్ అజా వినబడే వేళకే ట్రాలీ ఆటోలు వచ్చి ఆగుతాయి. గంపల మీద కప్పిన ఆకులు తీసేసరికి వీధి వీధంతా తియ్యగా, కొంచెం పచ్చిగా గుబాళిస్తుంది. మావారికి కంచన్‌బాగ్‌లో ఉద్యోగం కావడంతో 1988లో ఇటువైపు వచ్చి స్థిరపడ్డాం. నేను పాతబస్తీలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా పుట్టిల్లు పరకాల దగ్గర పల్లెటూరు, మాది పత్తి పండించే ఇల్లు. ఈ రెండూ చెప్పడం ఎందుకంటే, నేను రాయబోయే సంగతి సగం నల్లబల్ల మీద నేర్చుకున్నాను, మిగతా సగం మా తమ్ముడి చేనులో నేర్చుకున్నాను.

మా పక్కింటి పెద్దాయన జామకాయల వ్యాపారి. వీధిలో అందరూ చావుష్ చాచా అంటారు. ఆయన తాత యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం పటాలంలో సిపాయిగా చేరాడట. అసలు బార్కస్ అన్న పేరే బారక్స్ నుంచి వచ్చింది. అరబ్బు సిపాయిల కోసం కట్టిన బారకాసులవి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక ఆ కొలువులు పోయాయి. సిపాయిల పిల్లలూ మనవలూ ఇక్కడే ఉండి లుంగీల దుకాణాలు, హరీస్ వంటలు, పండ్ల వ్యాపారాలు పెట్టుకున్నారు. చాచాకు తాత గురించి చెప్పాలంటే ముందుగా గుర్తొచ్చేది బిగుల్. పొద్దున ఒక మోత, భోజనానికి ఒక మోత, కవాతుకు ఒక మోత. ఏ మోత ఎందుకో పసిపిల్లలకు కూడా తెలిసేదట.

పోయిన చలికాలం ఒకరోజు జామకాయలు తూస్తూ అడిగాడు. "టీచరమ్మా, పత్తిగింజలోనే మందు పెట్టి పుట్టిస్తున్నారంట గదా. జామ్ చెట్టుక్కూడా అట్లనే చేస్తే స్ప్రే ఖర్చు మిగుల్తదని మా అల్లుడు అంటుండు. అయితదా?"

"గింజలో మందు పెట్టలేదు చాచా. మందు తయారుచేసే విద్య పెట్టారు. ఆ విద్య ఎప్పుడు, ఎక్కడ, ఎంత వాడాలో చెప్పే ఆజ్ఞ కూడా దానికి ముందు పెట్టారు. రైతుకు విద్య గురించే చెప్పారు గానీ ఆజ్ఞ సంగతి ఎవరూ చెప్పలేదు."

"ఆజ్ఞ అంటే?"

"మీ తాతగారి పటాలంలో బిగుల్."

ఆ మాట నా నోట అనుకోకుండా వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఇన్నేళ్ల పాఠాల్లో అంత సరైన పోలిక నాకెప్పుడూ తట్టలేదనిపించింది. బారక్‌లో ఎంత మంది సిపాయిలున్నా మోత వినబడకపోతే ఒక్కడూ కదలడు. జన్యువు కూడా అంతే. దాని ముందు, సరిగ్గా గుమ్మం దగ్గర, కొన్ని వందల అక్షరాల డీఎన్‌ఏ ముక్క ఒకటి ఉంటుంది. జన్యువును చదివే ఎంజైము, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్, వచ్చి వాలేది అక్కడే. ఏ కణంలో చదవాలి, ఏ వేళలో చదవాలి, నెమ్మదిగానా జోరుగానా అన్నది చాలావరకు ఆ ముక్క మీదే ఆధారపడి ఉంటుంది. దాని పేరు ప్రమోటర్. జన్యువును ఇలా చదవడాన్ని పాఠ్యపుస్తకాలు జన్యు వ్యక్తీకరణ అంటాయి. క్లాసులో నేను మాత్రం జన్యువు పలకడం అనేదాన్ని.

ప్రమోటర్ అన్న పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్తలు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్సువా జాకబ్, జాక్ మొనో 1961లో బాక్టీరియా జన్యువులు ఎలా తెరుచుకుంటాయో, ఎలా మూసుకుంటాయో వివరించారు. చక్కెర దొరికినప్పుడే దాన్ని అరిగించే జన్యువు పలుకుతుంది, లేనప్పుడు మూగబోతుంది. 1964లో అదే బృందం జన్యువు ముందున్న ఆ గుమ్మానికి ప్రమోటర్ అని పేరు పెట్టింది. 1965లో జాకబ్, మొనోలకు నోబెల్ వచ్చింది. మొక్కల ప్రమోటర్లు చేతికి చిక్కడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ చిక్కిన తీరు నాకెంతో ఇష్టమైన కథ. క్యాలీఫ్లవర్‌కు మొజాయిక్ తెగులు తెచ్చే వైరస్ ఒకటి ఉంది. పేనుబంక దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. మొక్కల వైరస్‌లలో ఎక్కువ భాగం ఆర్‌ఎన్‌ఏతో బతికేవి. దీనిలో ఉన్నది డీఎన్‌ఏ అని 1968లో రాబర్ట్ షెపర్డ్ బృందం చూపించింది. 1980లో స్ట్రాస్‌బర్గ్‌లో దాని డీఎన్‌ఏ మొత్తం చదివారు, సుమారు 8,000 అక్షరాలు. వైరస్‌కు సొంత యంత్రాలుండవు. మొక్క కణంలోకి దూరి, మొక్క యంత్రాల చేతనే తన జన్యువులను చదివించుకోవాలి. అందుకే దాని ప్రమోటర్‌కు మొక్కలో ఎక్కడైనా, ఎప్పుడైనా గట్టిగా కూయగల గొంతు వచ్చింది. ఆ ప్రమోటర్ నుంచి పుట్టే ఆర్‌ఎన్‌ఏ సెంట్రిఫ్యూజ్‌లో ఏ వేగంతో అడుగుకు దిగుతుందో కొలిచి 35ఎస్ అన్నారు. ఆ అంకె అట్లాగే ప్రమోటర్‌కు పేరైపోయింది.

1985లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జోన్ ఓడెల్, ఫెరెంత్స్ నాజ్, నామ్-హై చువా ఈ ప్రమోటర్‌ను ముక్కలు ముక్కలుగా కోసి పరీక్షించారు. జన్యువుకు బాగా దగ్గరగా టాటా అనే చిన్న అక్షరాల వరుస ఉంది. చదవడం ఎక్కడ మొదలవ్వాలో చెప్పేది అది. ఎంత జోరుగా చదవాలన్నది మాత్రం దాని ఎగువన 300 అక్షరాల మేర పరుచుకుని ఉంది. రెండేళ్ల తర్వాత, 1987లో, మరో బృందం ఆ ఎగువ భాగాన్ని పక్కపక్కనే రెండుసార్లు అతికించి చూసింది. పలుకు సుమారు పదింతలైంది. 1990లో ఫిలిప్ బెన్‌ఫే, చువా ఇంకో సంగతి రాశారు. ఆ 300 అక్షరాల్లో కూడా ఒకే గొంతు లేదు. ఒక తునక ప్రధానంగా వేళ్లలో పలికిస్తుంది, ఇంకొకటి ఆకులూ కాడల్లో పలికిస్తుంది. అన్నీ కలిస్తేనే మొక్కంతటా మోగుతున్నట్టు అనిపిస్తుంది. "అన్ని వేళలా అన్ని చోట్లా పనిచేసే ప్రమోటర్" అని పుస్తకాలు రాసేశాయి. నేనూ అలాగే చెప్పాను. అన్ని చోట్లా పనిచేయడానికీ, అన్ని చోట్లా సమానంగా పనిచేయడానికీ చాలా దూరం ఉంది. ఆ తేడాను నేను ఏ ఏడాదీ క్లాసులో నొక్కి చెప్పలేదు. దాని ఖరీదు తర్వాత మా ఇంట్లోనే చూశాను.

అంతకుముందు నీలం రంగు గురించి చెప్పాలి. తొంభైల నడుమ ఉస్మానియా క్యాంపస్‌లో అధ్యాపకులకు పెట్టిన రిఫ్రెషర్ కోర్సుకు వెళ్లాను. ప్రమోటర్ కంటికి కనిపించేది కాదు కదా, దాని పని చూపించేదెలా? రిచర్డ్ జెఫర్సన్ 1987లో ఒక ఉపాయం ప్రకటించాడు. ఈ.కోలి బాక్టీరియాలోని గస్ అనే జన్యువును తీసి మనకు కావలసిన ప్రమోటర్ వెనక కట్టి మొక్కలో పెట్టాలి. ఆ మొక్క ముక్కను ఒక ద్రావణంలో ముంచితే గస్ ఎక్కడ పలికిందో అక్కడ నీలం తేలుతుంది. ఈ సరంజామాను ఆయన ప్రపంచమంతటా పరిశోధకులకు ఊరికే పంచిపెట్టాడు. మాకు ఆ రోజు రెండు పెట్రి పళ్లాలు చూపించారు. పొగాకు మొలకల్ని రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, పొద్దున్నే ఆల్కహాల్‌తో కడిగారు. పచ్చదనమంతా కారిపోయి ఆకు తెల్లటి టిష్యూ కాగితంలా అయింది. ఒక పళ్లెంలో మొలక ఆకు, కాడ, వేరు అంతా సిరాలో ముంచినట్టు నీలం. అది 35ఎస్. రెండో పళ్లెంలో ఆకు తెల్లగానే ఉంది, ఈనెల వెంట మాత్రం సన్నటి నీలి దారాలు. ఎవరో దానిమీద నదీపటం గీసినట్టుంది. అది ఈనెల్లోని ఆహారనాళాలలో మాత్రమే పలికే ప్రమోటర్. జన్యువు రెండింటిలోనూ ఒక్కటే. భూతద్దం చేతిలోంచి పక్కవాళ్లకు ఇవ్వబుద్ధి కాలేదు నాకు. ఈ శాస్త్రంలో అసలు మర్మం ఇదేనని ఆ క్షణాన అర్థమైంది.

ఇక పత్తి. 1990లో అమెరికాలో మోన్‌శాంటో శాస్త్రవేత్తలు బాసిల్లస్ థురింజియెన్సిస్ (బీటీ) అనే నేల బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. కాయతొలిచే పురుగు కడుపులోకి వెళ్లి పేగుకు చిల్లులు పెట్టే ప్రొటీన్‌ను తయారుచేసేది ఆ జన్యువు. దాన్ని మొక్క యంత్రాలకు అనువుగా తిరగరాసి, ముందు 35ఎస్ ప్రమోటర్‌ను రెండింతలు చేసి కట్టారు. మన దగ్గరికి వచ్చిన మోన్ 531 అనే మార్పులో ఇంకో ముచ్చట ఉంది. ప్రయోగశాలలో బాక్టీరియాను ఎంచుకోవడానికి వాడిన ఒక యాంటీబయాటిక్ నిరోధక జన్యువు, ఆడ్ అని దాని పేరు, అందులో మిగిలిపోయింది. దాని ముందున్నది బాక్టీరియా ప్రమోటర్. ఆ భాష మొక్కకు రాదు. కాబట్టి ఆ పత్తిలో ప్రతి కణంలోనూ ఆ జన్యువు ఉంటుంది గానీ ఒక్క కణంలోనూ పలకదు. ప్రమోటర్ శక్తి ఎంతటిదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు. ఒకే గింజలో ఒక జన్యువు రాత్రింబవళ్లు పలుకుతూ ఉంది, మరొకటి తరతరాలుగా మూగగా ఉంది.

1997–98 సీజన్‌లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఇళ్లలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. పురుగు మందులు కొట్టీ కొట్టీ, పురుగు చావక, అప్పు తీరక ఎంతమంది ప్రాణాలు తీసుకున్నారో. మా ఊళ్లోనూ పోయారు. ఆ గాయం మీద 2002 మార్చి 26న ఢిల్లీలోని జెనెటిక్ ఇంజనీరింగ్ ఆమోద సంఘం మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు బీటీ సంకరాలకు అనుమతిచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ ₹1,600. దాంతోపాటు 120 గ్రాముల మామూలు గింజల చిన్న పొట్లం. మా తమ్ముడికి గింజలమ్మిన దుకాణదారు ఒకే మాట చెప్పాడు: "ఇగ మందు డబ్బా ముట్టే పనే లేదు." చిన్న పొట్లం ఎందుకో చెప్పలేదు. దాన్ని చేను చుట్టూ వరుసలుగా వేయాలి, అక్కడ బతికే పురుగులే మందుకు లొంగని పురుగులతో జతకట్టి మొండితనాన్ని పలచన చేస్తాయి అన్నది దాని లెక్క. మా తమ్ముడు ఆ పొట్లాన్ని గొడ్ల కొట్టం గోడ మీద పెట్టాడు, వానకు తడిసి మొలకెత్తింది.

ఆ ఏడు దసరాకు వెళ్లినప్పుడు నన్ను చేనుకు తీసుకుపోయాడు. ఆకులు బాగున్నాయి. లేత కొమ్మలు తళతళలాడుతున్నాయి. ఒక పచ్చికాయను చేతిలో పగలగొట్టి చూపించాడు. లోపల శనగపచ్చ పురుగు చుట్టుకుని ఉంది.

"అక్కా, ఆకు తింటలేదు. మొదట్ల గూడ కూడ మంచిగనే నిలబడ్డది. ఇప్పుడు సూడు. గింజల మందు ఒడిసిపోయినట్టుంది."

నేను బాటనీ అమ్మగారిని. "జన్యువు ఒడిసిపోదురా, ప్రతి కణంలో ఉంటుంది" అన్నాను. తప్పేం చెప్పలేదు. కానీ వాడు చూసింది సరైనది, నేను చెప్పింది అసంపూర్ణం. మూడేళ్ల తర్వాత నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ నుంచి కె.ఆర్. క్రాంతి బృందం చేసిన పరిశోధన 2005లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. కాలేజీ లైబ్రరీలో నిలబడే చదివాను. మార్కెట్‌లో ఉన్న ఎనిమిది బీటీ సంకరాలను తీసుకుని, మొక్క పెరుగుతున్న కొద్దీ ఏ భాగంలో ఎంత ప్రొటీన్ ఉందో కొలిచారు. అన్నిటికంటే ఎక్కువ ఆకుల్లో. తర్వాత గూడల్లో, కాయల్లో, పూలల్లో. కాయ తొక్కలో, పూవు అండాశయంలో, గూడ లోపలి మొగ్గలో పూర్తి రక్షణకు సరిపోయేంత లేదు. పంట వయసు పెరిగేకొద్దీ అన్ని సంకరాల్లోనూ తగ్గుతూనే వచ్చింది, కొన్నిటిలో మరీ తొందరగా. గ్రాముకు 1.8 మైక్రోగ్రాముల కంటే తగ్గిన చోట పురుగులు బతకడం పెరిగింది.

పురుగు కోరుకునేది కాయ. రైతు అమ్ముకునేది కాయలోని దూది. మందు ఎక్కువగా ఉన్నది ఆకులో. మా తమ్ముడు ఒక్క ముక్కలో చెప్పిందే అక్కడ పట్టికల్లో ఉంది.

దీనికంతటికీ ప్రమోటర్ ఒక్కటే దోషి అనడం న్యాయం కాదు. ముసలి ఆకులో అసలు ప్రొటీన్ల తయారీయే మందగిస్తుంది. నత్రజని తగ్గినా, నీళ్లు కరువైనా ప్రభావం ఉంటుంది. తల్లిదండ్రి మొక్కల రకాన్ని బట్టీ తేడా వస్తుందని ఆ వ్యాసమే చెప్పింది. పైగా మన దగ్గర అమ్మేవి సంకరాలు. గింజలో బీటీ జన్యువు ఒక వైపు నుంచే వస్తుంది కాబట్టి, ఆ మొక్క కాసే కాయలో నాలుగు గింజలకు ఒకటి జన్యువు లేకుండానే పుడుతుంది. అయినా ఒక నిజం మాత్రం అలాగే ఉంటుంది. ఆకుల్లో బాగా మోగి కాయ తొక్కలో సన్నగిల్లే బిగుల్‌ను ఎంచుకుని, దాన్ని కాయకు కాపలా పెట్టారు. అమెరికాలో పొగాకు మొక్కల్లో పరీక్షించిన ప్రమోటర్ అప్పటికి అందరి చేతిలో ఉన్న బలమైన పనిముట్టు. తొందరలో అదే వాడారు. అప్పట్లో ఆ తొందర అర్థమయ్యేదే. కానీ ఆ సంగతి రైతుకు చెప్పకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2005లో ఆ మూడు సంకరాలకూ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం ధర మీద గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లింది, ప్యాకెట్ ₹750కి దిగింది. అదే ఏడు రెండు బీటీ ప్రొటీన్లున్న బోల్‌గార్డ్ 2 వచ్చింది. ఆ రెండో జన్యువు ముందు కూడా ఉన్నది రెండింతలు చేసిన 35ఎస్ ప్రమోటరే. ధర గురించి కొట్లాడాం, కొత్త జన్యువు గురించి మాట్లాడుకున్నాం, అదే బిగుల్ అని ఎవరూ అనుకోలేదు. శనగపచ్చ పురుగు చాలా వరకు తగ్గింది, మందుల ఖర్చు కొన్నేళ్లు తగ్గింది. ఈ మేలు నేను కాదనను. మా ఇల్లు కూడా దానివల్ల బాగుపడింది. తర్వాత గులాబీరంగు పురుగు వచ్చింది. గుజరాత్‌లో అది మొదటి బీటీకి లొంగడం లేదని 2010లో ప్రకటించారు. ఆ తర్వాతి కొన్నేళ్లలో రెండోదానికీ మొండికేసింది. దానికి తిండి చాలావరకు పత్తిలోనే, అదీ ఎక్కువగా గింజే. పిల్లపురుగు కాయలోకి దూరాక చిల్లు మూసుకుపోతుంది. బయటికి కాయ నున్నగా ఉంటుంది. పూలల్లో దూరితే రేకులు విప్పారక గుడ్డిపూలవుతాయి. మందు మోతాదు మరీ ఎక్కువగా ఉంటే అర మొండితనమున్న పురుగులు కూడా చస్తాయి. మోతాదు సన్నగిల్లిన కాయలో అవే బతికి పిల్లలు పెడతాయి. పొట్లం గోడ మీద తడిసిపోవడం, పంట జనవరి దాకా చేనులో నిలవడం, మోతాదు తగ్గడం అన్నీ కలిసి ఆ పురుగుకు బడి పెట్టాయి.

మన హైదరాబాదులోనే వేరే దారిలో వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి ఎక్కడా పెద్దగా రాయలేదన్న బాధతోనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని మొక్కల అణుజీవశాస్త్ర కేంద్రంలో వరి మీద పని చేశారు. మన వరికి దోమపోటు ఎంత శత్రువో చెప్పనక్కర్లేదు. ఆ దోమ ఆకు కొరకదు. సన్నటి ముక్కును కాడలోని ఆహారనాళంలో గుచ్చి రసం పీలుస్తుంది. మొక్కంతటా మందు నింపడం ఎందుకు, దోమ ముక్కు పెట్టే చోటే పెడితే సరిపోతుంది కదా అని వాళ్లు ఆలోచించారు. మంచుపువ్వు మొక్క నుంచి తీసిన లెక్టిన్ జన్యువుకు ముందు వరి సుక్రోజ్ సింథేజ్ ప్రమోటర్‌ను కట్టారు. ఇంగ్లండ్‌లోని డర్హమ్ శాస్త్రవేత్తలు 1994లో పొగాకులో పరీక్షించి, ఆహారనాళాలలో పలుకుతుందని చూపిన ప్రమోటర్ అది. రిఫ్రెషర్ కోర్సులో నేను చూసిన నదీపటం లాంటిదే. ఉస్మానియా వాళ్లు దాన్ని చైతన్య, ఫల్గుణ అనే మన వరి రకాల్లో పెట్టారు. 2003, 2004 సంవత్సరాల్లో ఫలితాలు వచ్చాయి. దోమలు ఆ వరి మీద బాగా తగ్గిపోయాయి, గుడ్లు పెట్టడం పడిపోయింది. కలుపుమందు తట్టుకునే గుర్తు జన్యువుకు మాత్రం అదే మొక్కలో 35ఎస్ వాడారు. ఎక్కడ ఏ బిగుల్ కావాలో లెక్క చూసి పెట్టిన పని అది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో వేరుశనగ మీద చేశారు. కరువుకు తట్టుకునే డ్రెబ్1ఏ అనే జన్యువు ఒకటి ఉంది. అది మిగతా చాలా జన్యువులను లేపే పెద్ద జన్యువు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 35ఎస్ వెనక పెట్టి చూశారు. మొక్క గిడసబారిపోయింది. నీళ్లున్నా కరువొచ్చినట్టు బతికింది పాపం. అదే జన్యువును ఆర్‌డీ29ఏ అనే ప్రమోటర్ వెనక పెట్టారు. కరువు, చలి, ఉప్పు వంటి కష్టం వచ్చినప్పుడే తెరుచుకునే ప్రమోటర్ అది. మొక్క మామూలుగా పెరిగింది, కష్టం వచ్చినప్పుడు 35ఎస్ మొక్క కంటే బాగా తట్టుకుంది. పూజా భట్నాగర్-మాథుర్, కిరణ్ కె. శర్మ బృందం ఈ జతనే తీసుకుని జేఎల్ 24 వేరుశనగలో పెట్టి 2007లో ఫలితం ప్రకటించింది. నీళ్లు తగ్గించినప్పుడు వాటిలో ఒక వరుస, ఖర్చయిన నీటికి చేసిన ఎదుగుదలలో మామూలు మొక్క కంటే 40 శాతం ముందుంది. అనంతపురం చేలలో ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు పల్లికాయ ఎలా ఎండుతుందో చూసినవాళ్లకు ఆ 40 విలువ తెలుస్తుంది.

చాచాకు ఈ సంగతి చెప్పినప్పుడు కళ్లు పెద్దవి చేశాడు. "కరువొస్తేనే బిగుల్ కొడుతదా?" అన్నాడు. "మా తాత అనేటోడు, రోజూ పెద్ద బిగుల్ కొడితే సిపాయి మొద్దుబారతడని." ఆ మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆ వరీ రాలేదు, ఆ పల్లీ రాలేదు. రెండూ ప్రయోగాల గుమ్మం దాటలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం చేసిన డీఎంహెచ్-11 ఆవాల్లో ఇంకా సున్నితమైన ప్రమోటర్ ఉంది. పొగాకు నుంచి తీసిన టీఏ29 అది. పుప్పొడిని పోషించే సన్నటి పొరలో తప్ప ఎక్కడా పలకదు. దాని వెనక కట్టిన జన్యువు కణాన్ని చంపేది. ఆ ఒక్క పొరను చంపి మొక్కను మగతనం లేనిదిగా చేస్తారు, సంకరం తీయడానికి. అదే జన్యువు వేరే చోట పలికితే మొక్కే చచ్చిపోతుంది. 2022లో దానికి పర్యావరణ అనుమతి వచ్చింది, 2024 జూలైలో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు వేర్వేరు తీర్పులిచ్చారు. ఇవాళ్టికీ మన రైతు చేలలో పెద్ద ఎత్తున పెరిగే జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా అదే. అంటే అన్నిటికంటే మొరటు బిగుల్ ఉన్నదే చేనుకు వచ్చింది. చూసి ఎంచి కట్టినవి ప్రయోగాల్లోనే ఉండిపోయాయి.

జన్యుమార్పిడి వద్దనేవాళ్లూ, కావాలనేవాళ్లూ ఇరవై ఏళ్లుగా నా ముందు వాదించుకున్నారు. ఒకరు వైరస్ ముక్క తింటున్నామని భయపెడతారు. తెగులు సోకిన గోబీతో ఆ వైరస్‌ను మనం ఎప్పటి నుంచో తింటూనే ఉన్నాం, నాకా భయం లేదు. ఇంకొకరు జన్యువు పెట్టాం కాబట్టి పని అయిపోయిందంటారు. అదీ నేను ఒప్పుకోను. ఆ జన్యువు ఏ భాగంలో, ఎన్ని రోజులు, ఎంత మోతాదులో పలుకుతుందన్న ప్రశ్న ఇద్దరి నోటా నేను విన్నది తక్కువ. మా తమ్ముడు మాత్రం మొదటి ఏడే అడిగాడు.

చాచా జామచెట్ల సంగతికి సమాధానం చెప్పాను. జామలో పండు ఈగ కాయలో గుడ్లు పెడుతుంది, మనం తినేది కూడా కాయే. అక్కడ పలికే బిగుల్ పెడితే మందు మన నోట్లోకే వస్తుంది. ఆకులో పలికేది పెడితే ఈగకు అంటదు. కాబట్టి అల్లుడికి చెప్పు, ఇప్పటికైతే కాయలకు సంచులు కట్టుకోమను అన్నాను. అతను అలాగే చేశాడు.

విత్తనాలను పరీక్షించి అనుమతులిచ్చేవాళ్లకు, ప్యాకెట్లు అచ్చువేసేవాళ్లకు, మన వ్యవసాయ శాఖ వారికి ఒక విన్నపం. గింజల ప్యాకెట్ మీద మొలకశాతం రాస్తున్నారు, స్వచ్ఛత రాస్తున్నారు. దాని కిందే ఇంకో వరుస తెలుగులో రాయండి. ఈ రక్షణ ఆకులో ఎంత, గూడలో ఎంత, కాయలో ఎంత, విత్తిన ఎన్నో రోజు నుంచి తగ్గుతుంది. క్రాంతి బృందం కొలిచిన పద్ధతి ఉంది, కొలిచే ప్రయోగశాలలు ఉన్నాయి. మా తమ్ముడు వచ్చే జూన్‌లో మళ్లీ పత్తే వేస్తాడు. ఆ వరుస చదివితే వాడికి ఏ వారం నుంచి కాయలు పగలగొట్టి చూసుకోవాలో తెలుస్తుంది.